పెద్దాయమ్మకు తెలిసిన నొప్పులు

మా పెద్దాయమ్మ పోయిందని మదనపల్లె నుంచి కార్డు వచ్చింది. కుప్పంలో నా చేతికి అందేసరికి ఆమె పోయి ఎనిమిది రోజులు. అక్కడి వృద్ధుల హోము మేనేజరుగారు నాలుగే వాక్యాలు రాశారు. అందులో మూడోది ఇది: "ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా, ఏ బాధా లేకుండా, ప్రశాంతంగా వెళ్లిపోయినారు."

అది చదివి నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మేనేజరుగారు అబద్ధం రాసే మనిషి కాదు. తనకు కనిపించిందే రాసి ఉంటారు. కానీ ఆ హోములో ఏడేళ్లు పనిచేసి, సరిగ్గా అలాంటి వాక్యాలే రోజూ పుస్తకంలో రాసినదాన్ని నేను. వాటి విలువ ఎంతో నాకు తెలుసు. ఆమెకు చివర్లో నొప్పి ఉండిందా, ఉంటే ఒక్కరన్నా కనిపెట్టారా? ఈ రెండూ తెలుసుకోకుండా ఊరుకోలేననిపించింది. ఆ ఆదివారమే బస్సెక్కాను. అయితే అక్కడ ఏం చూశానో చెప్పేముందు ఆమె ఎవరో చెప్పాలి.

మదనపల్లె దాటి పుంగనూరు రోడ్డులో కొంత దూరం పోతే ఒక పెంకుల కట్టడం ఉండేది. బోర్డు మీద వృద్ధుల శరణాలయం అని ఉన్నా, బస్సు కండక్టర్లు మొదలుకొని అందరూ ముసలోళ్ల హోము అనే అనేవాళ్లు. రెండు పొడుగాటి గదులు, ఒకటి అవ్వలకు, ఒకటి తాతలకు, మధ్యలో వంటిల్లు. పంతొమ్మిది వందల డెబ్భైలు సగం దాటాక నేను అందులో పనికి చేరాను. పదో తరగతి పాసయ్యాను, ఆరు నెలలు ఆస్పత్రిలో నర్సుల వెనక తిరిగి సూది వేయడం నేర్చుకున్నాను. ఆ మాత్రానికే నాకు నేల మీద కాలు నిలిచేది కాదు. తెల్లచీర, చేతికి గడియారం, థర్మామీటరు పెట్టుకోవడానికి రవికెకు ప్రత్యేకంగా కుట్టించుకున్న జేబు. హోములో అందరూ సిస్టరమ్మా అని పిలిచేవాళ్లు. పెద్దాయమ్మ ఒక్కతే "ఏమ్మే" అనేది.

ఆమె అక్కడి ఆయాల్లో పెద్దది. వాల్మీకిపురం పక్క పల్లె నుంచి చిన్నప్పుడే భర్త పోయి వచ్చేసిందట. పిల్లల్లేరు. చదువు లేదు. మనిషి సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవరి మీదో విసుక్కున్నట్టు ఉండేది. పొద్దున్నే పనిలోకి దిగేముందు అవ్వల గది గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడేది. నోట్లో వక్కాకు నమిలినంత సేపూ అక్కడే. ఎవరినీ పలకరించదు, ఊరికే చూస్తుంది. తర్వాత ఉమ్మేసి వచ్చి పని మొదలుపెడుతుంది. పని ఎగ్గొట్టడానికి ఇదొక పద్ధతి కాబోలు అనుకున్నాను. ఒకసారి ఆ మాట అననే అన్నాను. "నేను పన్జేస్తాండాను, నువ్వు కనుక్కోల్యా, అంతే," అంది.

డాక్టరు వారానికి ఒకసారి వచ్చేవాడు. కుర్రవాడు, మంచివాడు, ఎప్పుడూ తొందరలో ఉండేవాడు. మంచం మంచం దగ్గరా నిలబడి "నొప్పి ఏమన్నా ఉందా?" అని అడిగేవాడు. "ఏం లేదు సామీ" అని వాళ్లు చేతులు జోడించేవాళ్లు. నేను పుస్తకంలో "కంప్లైంట్ లేదు" అని రాసేదాన్ని. పదిహేను నిమిషాల్లో పన్నెండు మంచాలు అయిపోయేవి. ఒకరోజు ఆయన అలా అడిగి ముందుకు కదలబోతుంటే, వెనక చెంబు పట్టుకుని నిలబడిన పెద్దాయమ్మ గొణిగినట్టుగా ఒక అవ్వను అడిగింది.

"ఏమ్మా, మోకాళ్లు గుంజతాండాయా?"

"గుంజకుండా ఎట్లుంటాయమ్మే. రేయంతా గుంజుడే."

"నడుం?"

"నడుం పట్టేసుకోనుండాది. లేస్తే కలుక్కుమంటాది."

డాక్టరు ఆగాడు. "మరి నేనడిగితే లేదన్నావే?" అన్నాడు. అవ్వ ఆశ్చర్యంగా చూసింది. "మీరు నొప్పి గదా సామీ అడిగింది. ఇది నొప్పెట్లయితాది? ఇది ముసిలితనం," అంది.

ఆ తర్వాత పెద్దాయమ్మను డాక్టరు తనతోపాటే తిప్పుకునేవాడు. గుంజడం, సలపడం, పీకడం, పొడవడం, మంట, తిమ్మిరి, లోపల్లోపల నసపెట్టడం, వీటిలో ఏది ఎవరిదో ఆమెకు తెలుసు. ఆరు నెలలు ఆస్పత్రిలో తిరిగిన నాకు ఒక్క నొప్పే తెలుసు, అది కూడా ఎవరైనా అరిస్తేనే.

ఆమె నాకు పాఠం చెప్పినట్టు ఎప్పుడూ చెప్పలేదు. ఏదో పని చేస్తూ ఒక మాట విసిరేది. "బువ్వ పెట్టేటప్పుడు మొగాలు సూడద్దు మే, చేతులు సూడు. మొగం మనకోసరం నవ్వతాది." తాతల గదిలో పుంగనూరు నుంచి వచ్చిన టైలరు తాత ఒకాయన ఉండేవాడు. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, రెండింట్లోనూ జోకులే. ఆయన ఉన్నాడంటే గది అంతా నవ్వులు. ఒకరోజు మరీ హుషారుగా ఉండి నన్ను కూడా కడుపు పట్టుకునేలా నవ్వించాడు. పెద్దాయమ్మ మాత్రం నవ్వకుండా లవంగనూనెలో ముంచిన దూది తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "ఏ దవడ?" అని అడిగింది. ఆయన జోకు మధ్యలోనే ఆపాడు. తర్వాత ఎడమ దవడ చూపించాడు.

"నీకెట్ల తెల్సు?" అన్నాను బయటికొచ్చాక.

"ఊరికే కూసుంటే సలుపు మీదికి పోతాది మనసు. అందుకే ఆయప్ప అంత మాట్లాడతాండాడు. పొద్దన్నించీ సంగటి ముట్టల్యా, సూసినావా?"

నేను చూడలేదు. పళ్లెం తీసింది నేనే, అయినా చూడలేదు.

ఇక నేను చేసిన తప్పు చెప్పాలి. ఇది రాయకుండా ఆమెను తలచుకోవడం నాకు చేతకాదు.

ఒక ఏడాది వానలు వెనకబట్టాక కురబలకోట పక్క నుంచి ఒక అవ్వ వచ్చి చేరింది. జన్మంతా గొర్రెల వెంట తిరిగిన మనిషి. కొడుకులు లేరు, మరిది కొడుకు తెచ్చి వదిలిపెట్టి, బస్సుకు టైమైందని వెళ్లిపోయాడు. అవ్వ పెద్దగా మాట్లాడదు, ఏమీ అడగదు. మేమంతా ఆమెను మెచ్చుకునేవాళ్లం. హోములో ఏమీ అడగని మనిషి అంటే మంచి మనిషని లెక్క.

కార్తీకమాసం వచ్చింది. పెద్దాయమ్మ పల్లెలో ఎవరో పోతే దినాలకని వెళ్లింది, పన్నెండు రోజులు రాలేదు. ఆమె వెళ్లిన మరునాడే ఈ అవ్వ పొద్దుటి సంగటి వద్దంది. "ఒక్కపొద్దు మ్మా," అంది. మధ్యాహ్నం కూడా వద్దంది. సాయంత్రం రెండు ముద్దలు తింది. మరునాడూ అంతే. నెలంతా మొక్కుకుందేమో అనుకున్నాం. వంటామె అయితే ఆమెకు దండం పెట్టి, సాయంత్రానికి ఒక అరటిపండు విడిగా దాచేది. "ఈ వయసులో ఎంత నిష్ఠ సూడు సిస్టరమ్మా," అని నాతో అంది. నేనూ పుస్తకంలో అంతే భక్తిగా రాశాను: "ఒక్కపొద్దు. కంప్లైంట్ లేదు." పదకొండు రోజులు అదే మాట, అందమైన చేతిరాతతో.

పన్నెండో రోజు పెద్దాయమ్మ సంచీ కూడా దించకుండా గుమ్మంలో నిలబడింది. వక్కాకు లేదు ఆ రోజు.

"ఆయవ్వ యాల అట్ల కూసోనుండాది?"

"ఒక్కపొద్దు ఉంది. నెలంతా."

"తలకు పోసుకున్యాదా?"

"చలి కదా పెద్దాయమ్మా. పెద్దావిడ..."

"దీపం యాడ పెట్టింది?"

నేను గూటి వైపు చూశాను. మిగతా అవ్వల్లో ఒక్కపొద్దున్న ముగ్గురు సోమవారం తెల్లవారుజామున బావి దగ్గర వణుకుతూ తలకు పోసుకుని, గూట్లో దీపాలు పెట్టుకునే వచ్చారు. ఈ అవ్వ మంచం మీద నుంచి కదలడం నేను చూడలేదు. స్నానం లేదు, దీపం లేదు. నేనూ ఈ ప్రాంతం మనిషినే, మా ఇంట్లోనూ ఒక్కపొద్దులు ఉన్నారు. తెలిసి కూడా చూడలేదు.

పెద్దాయమ్మ వెళ్లి అవ్వ మంచం పట్టె మీద కూర్చుంది. చీర మీదుగానే తుంటి కింద అరచెయ్యి పెట్టింది. అవ్వ మొహంలో ఏమీ మారలేదు. నా వైపు చూసి చిన్నగా నవ్వింది కూడా. కానీ పెద్దాయమ్మ మొహం చూడటంలేదు, అవ్వ కాలివేళ్లు చూస్తోంది. అవి ముడుచుకుపోయి తెల్లబడ్డాయి.

"ఎప్పుడు పడితివమ్మా?"

అవ్వ చెప్పింది. బట్టలుతికే బండ దగ్గర జారిందట. ఎవరూ చూడలేదట. గోడ పట్టుకుని వచ్చి మంచమెక్కిందట. "దొడ్డికి పోవల్లంటే లెయ్యల్ల గదమ్మా. తినకుంటే ఆ పనిల్యా. నీళ్లు గూడా రొంతే తాగతాండాను."

"చెప్పకూడదా తల్లీ?" అన్నాను నేను.

"నడవల్యాకపోతే ఈడ పెట్టుకోరంట గదా," అంది అవ్వ.

అది నిజమే. చేరేటప్పుడు అందరికీ చదివి వినిపించే నియమం అది: తన పని తాను చేసుకోగలిగిన వారికే చోటు. ఆ కాగితం ఆమెకు చదివి వినిపించింది నేనే.

తుంటి ఎముక చిట్లిందని ఆస్పత్రిలో చెప్పారు. అవ్వ మళ్లీ నడవలేదు. మేనేజరుగారు, అప్పటి ఆయన వేరు, ఆమెను మరిది కొడుక్కు అప్పగించమన్నారు. పెద్దాయమ్మ ఆఫీసు గుమ్మంలో నిలబడి, "ఆయవ్వ పని నేను సేస్తా సామీ. నా పనికి తక్కువైతే అప్పుడు మాట్లాడండి," అంది. ఆయన నియమం గురించి ఇంకా ఏదో అంటుంటే వినకుండా వచ్చేసింది. మాఘమాసం దాకా ఆ అవ్వను ఎత్తింది, కడిగింది, పక్క తిప్పింది. అవ్వ హోములోనే పోయింది.

నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. పుస్తకం తెచ్చి ఆమె ముందు పెట్టి, ఆ పదకొండు రోజులూ చదివి వినిపించి ఏడ్చాను. ఆమె పుస్తకం మూసింది. "రాసేస్తే అయిపోయినట్ల ఉంటాది మే. అందుకే ఇంగ సూడల్యా నువ్వు," అంది. అంతే. ఆ రోజు నుంచి "కంప్లైంట్ లేదు" అని నేను రాయలేదు. ఏం రాయాలో తెలియక చాలా రోజులు ఖాళీగా వదిలేశాను, దానికి తిట్లు కూడా తిన్నాను.

ఆ వేసవిలో ఆమెను పుంగనూరులో మా ఇంటికి తీసుకెళ్లాను. మా అమ్మ కోడిని కోసింది, మంచి చీర కట్టుకుంది, నోరారా మాట్లాడింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పెద్దాయమ్మ అడిగింది: "మీయమ్మ కడవను ఎడమ సంకన పెట్టుకుంటాంది. ముందు నించీ అంతేనా?" నేను పుట్టినప్పటి నుంచీ అమ్మ కడవ మోయడం చూస్తున్నాను. కుడివైపో ఎడమవైపో చెప్పలేకపోయాను. తర్వాత అమ్మను అడిగితే రెండేళ్లుగా కుడి మోకాలు నిలవనివ్వడం లేదంది. "నువ్వు ఆడ అందరికీ జూస్తాండావు, నీకెందుకులే అని," అంది. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

ఎనభైల మొదట్లో కుప్పంలో ఒక డాక్టరమ్మ ఆస్పత్రిలో నాకు ఉద్యోగం దొరికింది. జీతం కాస్త ఎక్కువ. ఒక గది అద్దెకు తీసుకున్నాను. పెళ్లి చేసుకోలేదు, కారణాలు ఇక్కడ అనవసరం. కుప్పంలో తమిళం, కన్నడం, తెలుగు మూడూ వినిపిస్తాయి. అవ్వలు మూడు భాషల్లోనూ "ఏమీ లేదు" అనే అంటారు. నేను వాళ్ల చేతులు చూస్తాను, కాలివేళ్లు చూస్తాను. డాక్టరమ్మ నన్ను చూసి, "నీకెట్లా తెలుస్తుంది?" అంటుంది. తెలిసింది నాకు కాదని చెప్పాలనిపిస్తుంది. పగలంతా ఇలా ఇతరుల నొప్పులు వెతికి గదికి వచ్చాక, నా నడుము పట్టేసిందని చెప్పుకోవడానికి ఎదురుగా గోడ తప్ప ఏమీ ఉండదు. అప్పుడు పెద్దాయమ్మ గుర్తుకొచ్చేది. ఉత్తరం రాద్దామనుకునేదాన్ని. ఆమెకు చదువు రాదు, ఎవరో చదివి వినిపించాలి, ఎవరో విన్నాక ఆ మాటలు మావి కావు. అలా సాకులు చెప్పుకుని రాయలేదు.

వయసు మీద పడ్డాక ఆమెకు హోములోనే ఒక మంచం ఇచ్చారు. పనిచేసిన చోటే చేరింది, నియమం ప్రకారం తన పని తాను చేసుకోగలిగిన మనిషిగా. రెండేళ్ల కిందట ఒకసారి వెళ్లాను. గంటసేపు కూర్చున్నాను. "నాకేం మే, రాయి మాదిరుండాను," అంది. నమ్మేశాను. ఇన్నేళ్లు ఆమె దగ్గర నేర్చుకుని, ఆమె మొహం చూసి వచ్చేశాను.

కార్డు అందిన ఆదివారం కుప్పం నుంచి పలమనేరు, పుంగనూరు మీదుగా హోముకు చేరేసరికి మధ్యాహ్నం భోజనాలైపోయాయి. మేనేజరుగారు మర్యాదగా కూర్చోబెట్టి, కార్డులో రాసిందే చెప్పారు. తర్వాత అవ్వల గదిలో పనిచేసే పిల్లను పిలిచారు. ఇరవై ఏళ్లుంటాయేమో. తెల్లచీర, చేతికి గడియారం.

"ఏమీ అడిగే మనిషి కాదక్కా," అంది ఆ పిల్ల. "శానా మంచిది. మాకు పనే పెట్టల్యా."

"నీళ్లు ఎట్లా తాగేది?"

ఆ పిల్లకు నా ప్రశ్న అర్థం కాలేదు. "గ్లాసుతోనే అక్కా. సగమే పొయ్యమనేది."

"రెండు చేతులతో పట్టుకునేదా?"

ఆ పిల్ల ఆలోచించింది. "అవును," అంది నెమ్మదిగా. "రెండు చేతుల్తోనే."

"ఏ పక్కకు తిరిగి పడుకునేది?"

"పండుకునేది ల్యాక్కా. కూసోనే ఉండేది. నాకు నిద్ర పట్టదు మే, మీకు కాపలా ఉంటాలే అనేది. మేం నవ్వేవాళ్లం." నా మొహంలో ఏం చూసిందో, ఆ పిల్ల గొంతు తగ్గిపోయింది. "యాలక్కా? అది... నొప్పా?"

నాకు ఆ పిల్ల మీద కోపం రాలేదు. నన్ను నేను ఎదురుగా నిలబెట్టుకుని చూసినట్టు ఉంది. "నీ తప్పు కాదులే," అన్నాను. ఆ మాట అబద్ధమో నిజమో నాకు ఈ రోజుకీ తెలియదు.

పెద్దాయమ్మ మంచం అవ్వల గదిలో తలుపు వెనక ఉంది, గోడకు ఆనించి. ఇంకా ఎవరికీ ఇవ్వలేదు, దుప్పటి తీసేశారు, నవారు కనిపిస్తోంది. మంచం పైన సున్నం గోడ మీద నూనె మరక ఒకటి ఉంది, అరచెయ్యంత. పడుకున్న మనిషి తల ఆనే ఎత్తులో కాదు, కూర్చున్న మనిషి తల ఆనే ఎత్తులో. ఒక వారంలో, ఒక నెలలో పడే మరక కాదది. ఎన్నాళ్లు అలా కూర్చుందో లెక్క వేయబోయి మానుకున్నాను.

పక్క మంచం మీద పెద్దతిప్పసముద్రం వైపు అవ్వ ఒకామె గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. రెండు కళ్లకూ పొరలు కమ్మి చూపు పోయింది. "ఆయమ్మ పోయిందని రెండుసార్లు సెప్పినామక్కా," అని ఆ పిల్ల నా చెవిలో అంది. "ఏడస్తాది, మల్లా మర్సిపోతాది." ఎవరో పిలిస్తే వెళ్లిపోయింది.

నేను ఆ మంచం మీద కూర్చుని మరకకు తల ఆనించాను. మంచం కిర్రుమంది. పక్క మంచం మీది అవ్వ మెల్లగా ఇటు తిరిగింది.

"మల్లా లేసి కూసుంటివా మే?" అంది.

నేను మాట్లాడలేదు. నోరు తెరిస్తే నేను ఆమెను కానని తెలిసిపోతుంది.

"రెక్క పీకతాంటే రొంత సేపన్నా నడుం వాల్సల్ల. ఎన్నితూర్లు సెప్పేది నీకు." గొంతు తగ్గించి మళ్లీ అంది: "నువ్వు వద్దన్యావని నేనెవురికీ సెప్పల్యాలే. బయపడాకు. పండుకో."

చెప్పులు విడిచి, కాళ్లు పైకి తీసుకుని, మెల్లగా ఒరిగాను. మంచం మళ్లీ కిర్రుమంది. అవ్వ తల ఎత్తి ఆ చప్పుడు పూర్తిగా విన్నది.

"ఆ. అట్ల," అంది.

రెండు మంచాల మధ్య సందులోంచి ఆమె చెయ్యి వచ్చింది. ఎండిపోయిన, తేలికైన చెయ్యి. ఎక్కడా తడుముకోలేదు. నేరుగా నా కుడి భుజం వెనక, రెక్క ఎముక పక్కన ఆగి, అక్కడే ఒత్తడం మొదలుపెట్టింది.